ఇతరుల రచన వాడుకోవాలంటే: అడగాలా, కొనాలా, వదిలేయాలా?

జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం నాటికి సంకలనం తేవాలనుకునేవాళ్లు చాలామంది అక్టోబరులో కథలు ఎంపిక చేసి డీటీపీకి ఇచ్చేస్తారు. ముఖచిత్రం ఖాయమవుతుంది, ప్రెస్సుకు అడ్వాన్సు వెళ్తుంది. అనుమతుల మాట ఆఖరి ప్రూఫు చేతికొచ్చాక గుర్తుకొస్తుంది. అప్పటికి ఒక రచయిత కుమారుడు అమెరికాలో ఉంటారు, ఇంకొకరి ప్రచురణకర్త దుకాణం మూసేసి ఉంటారు, మరొకరి చిరునామాయే దొరకదు. చివరికి ‘పేరు వేశాం కదా, చాలులే’ అని అచ్చుకు పంపేస్తారు.

పేరు వేయడం రచయిత పట్ల మన బాధ్యత. దానివల్ల అచ్చు వేసుకునే హక్కు రాదు. మన దేశంలో ఇప్పటికీ 1957 నాటి కాపీరైట్ చట్టమే అమల్లో ఉంది, 2012లో దానికి పెద్ద సవరణలు జరిగాయి. రచన కాగితం మీదికి వచ్చిన క్షణం నుంచే అది రచయితదని ఆ చట్టం గుర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ చేయించుకోలేదనో, పుస్తకంలో కాపీరైట్ గుర్తు లేదనో హక్కు పోదు. తెలిసీ ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అయితే నన్ను ఎక్కువ బాధపెట్టేది శిక్ష భయం కాదు. తండ్రి కథ ఎక్కడో అచ్చయిందని వేరెవరో చెబితే కూతురికి తెలియడం, ఆమెకు ఒక్క ప్రతి కూడా అందకపోవడం. సాహిత్యం మీద ప్రేమతో పుస్తకం వేసేవాళ్లే ఈ పని చేస్తున్నారు.

ఇతరుల రచన వాడుకోవడానికి ఉన్న దారులు కొన్నే. కాపీరైట్ కాలం తీరిన రచన తీసుకోవచ్చు. చట్టం ఇచ్చిన మినహాయింపు కింద కొంత భాగం ఉదహరించవచ్చు. హక్కుదారు నుంచి పరిమితమైన అనుమతి, అంటే లైసెన్సు, పొందవచ్చు. హక్కులే రాయించుకోవచ్చు. బహిరంగ లైసెన్సు, అంటే షరతులతో అందరికీ ముందే ఇచ్చేసిన అనుమతి, ఉన్నవి వాడుకోవచ్చు, లేదా కొత్తగా రాయించుకోవచ్చు. నా సలహా ముందే చెబుతాను: సంకలనం, సంచిక, వీడియో, నాటకం, వీటిలో ఏది చేస్తున్నా పదింట ఎనిమిది సందర్భాల్లో పరిమిత లైసెన్సే సరైన ఎంపిక. మిగిలినవి ఎప్పుడు మేలో, ఎక్కడ మోసం చేస్తాయో చూద్దాం.

కాలం తీరిన రచన: చవకైన దారి, కానీ లెక్క సరిచూసుకోవాలి

రచయిత మరణించిన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో కన్నుమూశారు. 2018 డిసెంబరు 31తో గడువు ముగిసింది. 2019 జనవరి 1 నుంచి ఆ నవలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. గుంటూరు జిల్లావాడే అయిన గుర్రం జాషువా 1971లో మరణించారు, కనుక 2031 చివరి దాకా ఆయన పద్యాలకు అనుమతి కావాలి. విజయవాడలో చాలాకాలం నివసించిన విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు, ఆయన రచనలకు 2036 చివరి దాకా ఆగాలి. ‘పాతకాలం కవి కదా’ అనే అంచనా ఇక్కడ పనికిరాదు. జాషువా పద్యం ఊరంతా నోటికి వచ్చినంత మాత్రాన అది కాపీరైట్ దాటిపోయినట్టు కాదు.

ఈ దారిలో గుంటలు కూడా ఉన్నాయి. మూలం గడువు తీరినా అనువాదానికి విడిగా గడువు ఉంటుంది. వందేళ్ల కిందటి బెంగాలీ నవలను 1980లో తెలుగు చేసినవారు ఉంటే, ఆ తెలుగు మాటలు వారివి. పాత పుస్తకానికి కొత్త ముద్రణలో చేర్చిన పీఠిక, అర్థతాత్పర్యాలు, బొమ్మలు అన్నీ అంతే. రచయిత బతికుండగా అచ్చు కాని లేఖలు, కథలు ఆయన మరణానంతరం తొలిసారి వెలువడితే, 60 ఏళ్లు ఆ ప్రచురణ సంవత్సరం తర్వాత నుంచి లెక్కించాలి. ఇద్దరు కలిసి రాస్తే ఆఖరున పోయినవారి తేదీ చూడాలి. కలం పేరుతో వచ్చి, అసలు రచయిత ఎవరో ఎప్పటికీ బయటపడకపోతే ప్రచురణ నుంచి 60 ఏళ్లు. సినిమాలకు, ధ్వనిముద్రణలకు కూడా విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లే.

ఇంకొక మాట. పాత తెలుగు పుస్తకం స్కాన్ ఇంటర్నెట్‌లో దొరికిందని అది అందరిదీ అనుకోవద్దు. ఎవరో ఎక్కించారంటే ఎక్కించారనే తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. రచయిత పోయిన సంవత్సరం వెతికి, ఆధారం ఒక కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి.

మినహాయింపు: విమర్శకు గొడుగు, సంకలనానికి కాదు

సమీక్ష, విమర్శ, పరిశోధన, వార్తాకథనం కోసం ఇతరుల రచన నుంచి న్యాయమైన మేరకు తీసుకోవచ్చని చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. గుంటూరులో ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథంలో జాషువా పద్యాలు ఉదహరించి చర్చిస్తే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అవే పద్యాలను ఏరి, బొమ్మలు వేసి కానుక పుస్తకంగా అమ్మితే కావాలి. తేడా మనం ఎత్తి రాసిన పద్యాల లెక్కలో లేదు. వాటి మీద మనం చేసిన పనిలో ఉంది.

‘పది శాతం లోపైతే ఫర్వాలేదు’, ‘నాలుగు పంక్తులు వాడుకోవచ్చు’, ‘30 సెకన్ల పాటకు ఎవరూ అడగరు’ లాంటి మాటలు డీటీపీ సెంటర్ల దగ్గరా ఎడిటింగ్ గదుల్లోనూ ఎప్పుడూ వినిపిస్తాయి. మన చట్టంలో అలాంటి కొలత లేదు. ఎనిమిది పంక్తుల గేయంలో నాలుగు పంక్తులంటే సగం గేయం. మీ వ్యాసం ఆ పంక్తుల గురించి ఏదైనా చెబుతుంటే ఈ దారి ఎంచుకోండి. వాటి అందం మీ పుస్తకానికి అలంకారంగా కావాలంటే అనుమతి అడగండి.

తరగతి గదిలో పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు, విద్యార్థులు తీసుకునే నకళ్లకు, పరీక్ష ప్రశ్నపత్రాల్లో ఇచ్చే భాగాలకు వేరుగా మినహాయింపు ఉంది. దృష్టి లోపం ఉన్నవారి కోసం లాభాపేక్ష లేకుండా బ్రెయిలీ ప్రతులు, ఆడియో ప్రతులు తయారుచేయవచ్చు. పెళ్లి ఊరేగింపులో సినిమా పాట మోగించడాన్ని కూడా చట్టం మినహాయించింది. కానీ అదే పాట పెట్టి పెళ్లి వీడియోను నెట్‌లో ఎక్కిస్తే అది వేరే వాడకం. బీసెంట్ రోడ్డులో చీరల దుకాణం ప్రకటన వీడియోకు ఆ పాట పెట్టుకోవడం పూర్తిగా వ్యాపారం కిందికి వస్తుంది. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి, రికార్డు చేసిన కంపెనీకి వేర్వేరు హక్కులు ఉంటాయి. చిన్న దుకాణానికి ఇంత వెంటపడటం కంటే స్థానిక సంగీత కళాకారుడితో అర నిమిషం బాణీ చేయించుకోవడం తేలిక.

లైసెన్సా, హక్కుల కొనుగోలా?

అసలు ఎంపిక ఇక్కడే. లైసెన్సులో హక్కు రచయిత దగ్గరే ఉంటుంది, మనం ఒక పనికి, కొంత కాలానికి వాడుకుంటాం. బదిలీలో హక్కే చేతులు మారుతుంది. బదిలీకి సంతకంతో కూడిన పత్రం తప్పనిసరి. లైసెన్సు రాతపూర్వకంగా ఉంటే చాలు, ఈమెయిల్ కూడా పనికొస్తుంది. ఫోనులో ‘అలాగే వేసుకోండి బాబూ’ అన్న మాట మర్యాదకు నిలబడుతుంది కానీ, ఆ పెద్దాయన తర్వాత వారి పిల్లలు అడిగినప్పుడు చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

బదిలీ పత్రంలో ఏ రచన, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ మేరకు బదిలీ చెల్లకుండా పోతుంది. 2012 సవరణ తర్వాత, పత్రం రాసేనాటికి వాడుకలో లేని మాధ్యమాలను విడిగా పేర్కొనకపోతే అవి రచయిత దగ్గరే మిగులుతాయి. ఈ నియమాలన్నీ దాదాపు రచయిత పక్షాన ఉన్నాయి. అయినా ‘సర్వహక్కులూ ప్రచురణకర్తవే’ అనే ఒక్క ముక్క మీద, నాలుగు వేల రూపాయలకు జీవితకాలపు కథలు రాసిచ్చిన రచయితలు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. రచయిత అయితే అలాంటి కాగితం మీద సంతకం చేయకండి. ప్రచురణకర్త అయితే అడగకండి.

కొనుగోలు న్యాయంగా ఉండే సందర్భాలు లేకపోలేదు. ఒక సంస్థకు గుర్తుచిహ్నం గీయించుకున్నారు, ఒక పాఠ్యపుస్తకం మొత్తం రాయించుకున్నారు, ప్రకటన పాట చేయించుకున్నారు. వీటిని ఏళ్ల తరబడి మార్చుకుంటూ వాడాలి, ప్రతిసారీ అడగడం కుదరదు. అప్పుడు పూర్తి హక్కులు కొనండి, దానికి తగ్గ డబ్బూ ఇవ్వండి. అప్పుడు కూడా రచయిత పేరు తీసేసే అధికారం గానీ, ఆయన పరువు పోయేలా రచనను వికృతం చేసే అధికారం గానీ మీకు రాదు. ఆ నైతిక హక్కులు బదిలీతో పోవని 57వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది.

ఒక కథ, ఒక సంకలనం, ఒక ముద్రణ. దీనికి లైసెన్సు చాలు. అడిగే ఉత్తరం ఎలా ఉండాలో గుంటూరులోని ఒక పాఠశాల శతాబ్ది సంచికను ఊహించుకుని చూడండి:

‘అమ్మా, నమస్కారం. మా పాఠశాల పూర్వవిద్యార్థుల సంఘం శతాబ్ది సంచిక వేస్తోంది. మీ నాన్నగారు మా బడిలోనే చదువుకున్నారు. వారి ఫలానా కథను, ఫలానా సంపుటి రెండో ముద్రణలో ఉన్నట్టుగా, అక్షరం మార్చకుండా ప్రచురించడానికి మీ అనుమతి కోరుతున్నాం. వెయ్యి ప్రతులు, ఒకే ముద్రణ, కాగితం మీద మాత్రమే. ఇ-పుస్తకం, ఆడియో, అనువాదం ఇందులోకి రావు. సంచిక వెల 150 రూపాయలు. కథకు 2,000 రూపాయలు, ఐదు ప్రతులు పంపుతాం. హక్కులు మీవద్దే ఉంటాయి. హక్కుదారుల పేరు ఎలా వేయాలో చెప్పండి. ఈ కథపై మీతోపాటు మీ తోబుట్టువులకు కూడా హక్కు ఉంటే, వారి సమ్మతి కూడా మీ జవాబులో తెలియజేయగలరు. నవంబరు 15లోగా జవాబు అందితే మాకు వీలుగా ఉంటుంది.’

ఇందులో ఏ వాక్యమూ అలంకారానికి పెట్టింది కాదు. ఏ ముద్రణ అని రాయడం ఎందుకంటే రచయితలు తర్వాతి ముద్రణల్లో మారుస్తారు, వారసులకు ఏ పాఠం ఇష్టమో మనకు తెలియదు. తోబుట్టువుల మాట ఎందుకంటే వీలునామా లేకుండా పోయిన రచయిత హక్కులు ఇంట్లో ఒక్కరివి కావు. అక్క సరేనంటే తమ్ముడు అడ్డుచెప్పిన సందర్భాలు ఉంటాయి. అందరి తరఫున ఒకరు రాసిచ్చేలా అడగడమే మంచిది. డబ్బు చిన్నదైనా ప్రస్తావించండి. ‘సేవ కోసం వేస్తున్నాం, ఏమీ ఇవ్వలేం’ అని మీరే తేల్చి చెప్పకండి. అక్కర్లేదని చెప్పే అవకాశం వారికి వదిలేయండి.

ఎవరిని అడగాలి?

పుస్తకంలో మొదటి పేజీల్లో కాపీరైట్ ఎవరి పేరున ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టండి. ‘ప్రతులకు’ అని ఉన్న చిరునామా అమ్మకందారుదే కావచ్చు, హక్కుదారుది కావాలని లేదు. విజయవాడ ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణాల్లో, పాత ప్రచురణకర్తల దగ్గర విచారిస్తే కుటుంబాల ఆచూకీ తరచుగా దొరుకుతుంది. ఈ ఊరి పుస్తక వ్యాపారానికి ఉన్న జ్ఞాపకశక్తి ఏ వెతుకుడు యంత్రానికీ లేదు.

పత్రికలో వచ్చిన కథ అయితే పత్రికనే అడగాలని చాలామంది అనుకుంటారు. బయటి రచయిత పంపిన కథ, ఒప్పందం వేరుగా లేకపోతే, రచయితదే. పత్రికలో జీతానికి పనిచేసే విలేఖరి రాసిన వ్యాసానికి కూడా, పత్రికల్లో ప్రచురించే హక్కే యజమానిది. పుస్తకంగా వేసే హక్కు, మరో ఒప్పందం లేనప్పుడు, రాసినవారిదే. ఈ సంగతి తెలియక తమ సొంత వ్యాసాలను పుస్తకంగా తెచ్చుకోవడానికి వెనకాడే పాత్రికేయులను చూస్తే జాలేస్తుంది. ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం చేసిన కాగితం ఒకసారి తీసి చదువుకోండి.

ఫొటోల విషయంలో చట్టం పోకడ దీనికి తలకిందులుగా ఉంటుంది. డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. డబ్బిచ్చి వేయించిన చిత్రపటానికీ అంతే. అదే డబ్బిచ్చి వ్యాసమో అనువాదమో రాయించుకుంటే, అది ఉద్యోగంలో భాగం కానప్పుడు, హక్కు రాసినవారి దగ్గరే ఉండిపోతుంది. ఒకే పుస్తకంలో ముఖచిత్రానికి ఒక నియమం, లోపలి అనువాదానికి మరో నియమం! కంప్యూటర్‌లో కూర్చిన ముఖపత్రం ఏ కోవలోకి వస్తుందో వాదించుకునే పరిస్థితి తెచ్చుకోకుండా, రెండింటికీ రెండు వాక్యాల కాగితం రాసుకోండి.

నాటకం, పాత రికార్డింగు

తెనాలి, గుంటూరు, విజయవాడల్లో నాటక పరిషత్తులు ఉన్నన్నాళ్లూ ‘నాటకం ఆడటానికి అనుమతి కావాలా?’ అనే ప్రశ్న ఉంటుంది. ఔత్సాహిక బృందం, టికెట్టు కొనని ప్రేక్షకుల ముందు ఆడే ప్రదర్శనకు చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టినా, వృత్తి బృందం ఆడినా అనుమతి కావాలి. కథను నాటకంగా మలచాలంటే టికెట్టుతో పని లేకుండా కథారచయితను ముందే అడగడం మంచిది. ఎందుకంటే మలచడం అనేది ప్రదర్శనకు భిన్నమైన హక్కు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. ఆ కేంద్రం నాటకాలు ఇంట్లో క్యాసెట్లలో రికార్డు చేసుకున్నవాళ్లు ఇప్పుడు వాటిని నెట్‌లో పెడుతున్నారు. వారి అభిమానం నాకు అర్థమవుతుంది. కానీ ఒక్క నాటకం మీద ఎన్ని పొరలు ఉన్నాయో చూడండి. రచయితకు మరణం తర్వాత 60 ఏళ్లు, ధ్వనిముద్రణకు 60 ఏళ్లు, నటీనటులకు ప్రదర్శన నుంచి 50 ఏళ్లు, ప్రసార సంస్థకు ప్రసారం నుంచి 25 ఏళ్లు. 1970లో ప్రసారమైన నాటకానికి ప్రసార హక్కు, నటుల హక్కు తీరిపోయి ఉండవచ్చు, రచయిత హక్కు ఇంకా ఉండవచ్చు. నెట్‌లో పెట్టడం కంటే ఆ క్యాసెట్టును జాగ్రత్తగా డిజిటల్ చేసి, మీ దగ్గర ఉందని ఆకాశవాణికీ రచయిత కుటుంబానికీ తెలియజేయడం మంచి దారి. వారి దగ్గరే ఆ రికార్డు లేకపోవచ్చు, అప్పుడు అనుమతి కూడా తేలిగ్గా వస్తుంది.

బహిరంగ లైసెన్సు

క్రియేటివ్ కామన్స్ అనే బహిరంగ లైసెన్సు గుర్తు ఉన్న ఫొటోలు, వ్యాసాలు షరతులు పాటిస్తే అడగకుండానే వాడుకోవచ్చు. షరతులు చదవకుండా వాడితే మాత్రం చిక్కే. పేరు వేస్తే చాలనేది ఒక రకం, వ్యాపారానికి కుదరదనేది ఒకటి, మార్చకూడదనేది ఇంకొకటి. తెలుగు వికీపీడియా వ్యాసం తీసుకుని మార్చి మీ పుస్తకంలో చేర్చితే, ఆ మార్చిన భాగాన్ని మీరు కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. అక్కడి బొమ్మల్లో ఒక్కోదానికి ఒక్కో లైసెన్సు ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ ఫొటో ముఖచిత్రంగా కావాలంటే నేనైతే ఊరి ఫొటోగ్రాఫర్‌తో తీయిస్తాను. ఖర్చు పెద్దది కాదు, మనకు కావలసిన వెలుతురులో దొరుకుతుంది, హక్కు పత్రం చేతిలో ఉంటుంది.

జవాబు రాకపోతే

మౌనం అనుమతి కాదు. ‘ఫలానా తేదీలోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు భావిస్తాం’ అని ఉత్తరంలో రాసినా దానికి విలువ లేదు. రెండు వారాలకోసారి గుర్తుచేయండి, వేరే చిరునామాకు పంపండి, ఊళ్లో వారి బంధువులను అడగండి. పంపిన ప్రతి ఉత్తరం దాచండి.

రచయిత పోయి, హక్కుదారు ఎవరో ఎంత వెతికినా తెలియకపోతే 31ఏ సెక్షన్ కింద న్యాయస్థానం ద్వారా లైసెన్సు కోరవచ్చు. అంతకుముందు దేశంలో ఎక్కువ భాగం చేరే ఇంగ్లిషు దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి, అనువాదం కోసమైతే ఆ భాషా పత్రికలో కూడా ఇవ్వాలి. ఒక విలువైన పాత గ్రంథాన్ని మళ్లీ వెలుగులోకి తేవడానికి ఈ శ్రమ పడవచ్చు. పదిహేను కథల సంకలనంలో ఒక కథ కోసం పడటం దండగ.

అందుకే ఎంపిక చేసేటప్పుడే రెండు మూడు కథలు అదనంగా ఉంచుకోండి. అనుమతులు రాని కథను పేజీలు కట్టక ముందే తీసేసి, దాని స్థానంలో అనుమతి వచ్చినదాన్ని పెట్టండి. తీసేసిన కథ పేరు, పంపిన ఉత్తరాల తేదీలు ఫైల్లో ఉంచితే, ఆ కుటుంబం ఆర్నెల్ల తర్వాత ఫోను చేసినప్పుడు మలి ముద్రణలో దానికి చోటివ్వవచ్చు.